ద్వైతవనం జింకలు అడిగిన మాట

పోయినేడు మెల్బోర్న్‌లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాం. ఒక ఆదివారం అల్లుడితో కలిసి పనిచేసే ఒకాయన మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఇల్లు ఊరికి తూర్పున, యారా కొండల కింద. కారు దిగి నడుస్తూ షెడ్డు వైపు చూశాను. గోడకి మూడు జతల కొమ్ములు బిగించి ఉన్నాయి. ఒక్కో కొమ్ముకి మూడు మొనలు. మొదలు దగ్గర ముదురు గోధుమ రంగు, గరుకు. మొనల దగ్గర చెట్లకు రాసుకుని రాసుకుని తేలిన తెలుపు. ఎవరూ చెప్పక్కర్లేదు. అవి కణితి కొమ్ములు.

నల్లమలలో ముప్పై రెండేళ్లు అటవీ శాఖ ఉద్యోగం చేశాను. గార్డుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. అలాంటి కొమ్ములు మా వైపు ఏ ఇంట్లో కనబడినా నా పని ఒకటే. పీఓఆర్, అంటే నేరం తొలి నివేదిక రాసి, పంచనామా చేసి, కొమ్ముల్నీ మనిషినీ రేంజి ఆఫీసుకు చేర్చడం. ఆ క్షణాన కూడా నా చెయ్యి చొక్కా జేబులో పెన్ను వెతికింది. ఆయన మాత్రం నా చూపు గమనించి, సంతోషంగా దగ్గరికి తీసుకుపోయి, ఏ జత ఏ లోయలో ఏ ఏడాది దొరికిందో వరసగా చెప్పాడు. అల్లుడు పక్కనుంచి అన్నాడు: "ఇక్కడ దీనికి లైసెన్సు ఇస్తారు మామయ్యా. తప్పు కాదు."

మిగిలిన నెలలన్నీ నేను ఆ "తప్పు కాదు" అన్న మాట చుట్టూనే తిరిగాను. నల్లమలలో కణితిని చంపితే జైలు. విక్టోరియా కొండల్లో చంపితే అడవికి మేలు చేసినట్టు. జంతువు అదే, దాని కళ్లు అవే, ప్రాణం పోయేటప్పుడు కొట్టుకునే తీరు అదే. మరి ప్రాణం విలువ ప్రాణంలో ఉందా, అది నిలబడ్డ నేలలో ఉందా? చిన్నప్పటి నుంచి జీవహింస పాపమని విన్నవాణ్ణి. ఆ పాపానికి సరిహద్దులుంటాయని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

కణితి ఆ దేశానికి తనంతట తాను పోలేదు. 1860లలో విక్టోరియాలో అక్లిమటైజేషన్ సొసైటీ అని ఒక సంఘం ఉండేది. ఇతర దేశాల జంతువుల్నీ పక్షుల్నీ తెచ్చి కొత్త నేలకు అలవాటు చెయ్యడం వాళ్ల పని. శ్రీలంక నుంచీ ఇంకా మన ఆసియా వైపు నుంచీ కణితుల్ని, అంటే సాంబార్లను, తీసుకెళ్లి మెల్బోర్న్ చుట్టుపక్కల వదిలారు. మన అడవుల్లో పెద్దపులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల గుంపు ఉంది. అక్కడ వీటిలో ఏదీ లేదు. నీళ్లున్నాయి, లోతైన లోయలున్నాయి, ఆకుంది. నూటయాభై ఏళ్లలో ఆ కొద్దిపాటి జంతువులు తూర్పు కొండలన్నీ నిండాయి. ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలో వేటగాళ్లు కొట్టే జింకలు కొన్ని సంవత్సరాల్లో ఏడాదికి లక్ష దాటుతున్నాయి. వాటిలో ఎక్కువ మన కణితులే. అదే కణితి తన సొంత నేల మీద తగ్గిపోతోందని ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ 2008లో దాన్ని ముప్పున్న జంతువుల పట్టీలో, వల్నరబుల్ అనే వరసలో చేర్చింది.

అన్నం తిన్నాక ఆ వేటగాడూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. మనసు ముందే విరిగినవాణ్ణి, మాట కలుస్తుందనుకోలేదు. కానీ ఆయనకు ఆ జంతువు నిజంగా తెలుసు. మగ కణితి బురదగుంటలో ఎట్లా పొర్లుతుందో, మనిషి వాసన తగిలితే ముందు కాలు నేలకేసి కొట్టి "ధాంక్" మని ఎట్లా అరుస్తుందో, గాలి మారితే ఏ వాలులోకి దిగుతుందో అన్నీ చెప్పాడు. ముప్పై రెండేళ్లు నేను చీకట్లో కూర్చుని నేర్చుకున్నవే. ఒక్కచోట మాత్రం మా దారులు వేరయ్యాయి. కొమ్ములు రాసుకున్న చెట్టు సంగతి చెప్పాను. మా అడవిలో అట్లా బెరడు చీరుకుపోయి జిగురు కారుతున్న చెట్టు కనబడితే మేం ఆనందపడతాం, ఈ బీట్‌లో మంచి పోతు ఉందని డైరీలో రాసుకుంటాం. ఆయన తల ఊపి, యారా కొండల్లో నెమటోలెపిస్ అని ఒక చెట్టుందని చెప్పాడు. ప్రపంచంలో ఆ కొండల్లో తప్ప లేదు, ఉన్నవే కొద్ది. కణితులు కొమ్ములు రాసి దాని బెరడు చుట్టూ ఒలిచేస్తుంటే చెట్లు నిలబడ్డచోటే ఎండిపోతున్నాయి. వాటి చుట్టూ కంచెలు కట్టారట.

నాకు సంతోషం కలిగించే ఆనవాలు అక్కడ ఒక చెట్టు జాతికి చావు గుర్తు. ఆ మాట విన్నాక ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు రాలేదు. సరేననడానికి కూడా రాలేదు.

తర్వాతి వారం అమ్మాయి మమ్మల్ని హీల్స్‌విల్ తీసుకెళ్లింది. అక్కడి జంతువుల సంరక్షణ కేంద్రంలో కోలాను మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. బొమ్మల్లో చూసి ఎలుగుబంటి పిల్ల లాంటిదనుకున్నాను. ఎలుగుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. కంగారూలాగా పిల్లను సంచిలో మోసే జాతి. యూకలిప్టస్ కొమ్మ చీలికలో ఒదిగి నిద్రపోతోంది. రోజుకి పద్దెనిమిది ఇరవై గంటలు నిద్రేనట. మా ఆవిడ "పాపం, ఏం జబ్బో" అంది. జబ్బు కాదు, అది తినే ఆకులో బలం లేదు, విషముంది. ఆ విషాన్ని విరవడానికి, పీచు నుంచి కాస్త శక్తి పిండుకోవడానికి ఒళ్లు కదలకుండా దాచుకోవాలి. కొంతసేపటికి అది కళ్లు తెరిచి, మా తలల పక్కనే ఉన్న ఆకుగుత్తి కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూసి నేను కంచె మీదికి వంగాను. రెండు వేళ్లు ఒకవైపు, మూడు వేళ్లు ఒకవైపు. రెండు బొటనవేళ్లున్నట్టు. వేళ్ల కొసల నల్లటి చర్మం మీద సన్నటి గీతలు, మన వేలిముద్రలకు మల్లే. ఉద్యోగంలో చాలామంది చేత నిశానీలు వేయించినవాణ్ణి. ఆ గీతల్ని చూసి చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

అక్కడ పనిచేసే అమ్మాయి ఎంతో ఓపికగా చెప్పింది. కోలా పిల్ల తల్లి కడుపులో ఉండేది ముప్పై అయిదు రోజులే. పుట్టినప్పుడు రెండు సెంటీమీటర్లు, చిక్కుడు గింజంత. కళ్లుండవు, చెవులుండవు. వాసన పట్టుకుని పాకుతూ తానే సంచిలోకి చేరుతుంది. ఆరు నెలలు అందులోనే పాలు తాగుతుంది. బయటికి వచ్చే ముందు తల్లి తన పేగుల్లోంచి ఒక రకం మెత్తటి ముద్ద విసర్జిస్తుంది, పిల్ల దాన్ని తింటుంది. ఆకు అరిగించే సూక్ష్మజీవులు తల్లి నుంచి పిల్లకు అందే దారి అదే. అది అందకపోతే చెట్టు నిండా ఆకున్నా పిల్లకు అన్నం లేనట్టే. నా కణితి దారి వేరు. ఎనిమిది నెలలు మోసి, కాళ్ల మీద నిలబడగలిగే పిల్లను కంటుంది. పొదలో దాచి మేతకు పోతుంది. నాలుగు గదుల పొట్టతో నెమరేస్తుంది. ఒకటి చెట్టుని వదలదు, ఒకటి రాత్రంతా కొండలు తిరుగుతుంది. రెండింటిలోనూ ఆకుని ఒంటికి పట్టించేది మాత్రం కంటికి కనపడని ఆ చిన్న ప్రాణులే. తైత్తిరీయంలో భృగువు తపస్సు చేసి మొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. ఆ తర్వాతి మెట్లకు వెళ్లే తొందరలో మనం మొదటి మెట్టు మీద నిలబడటం లేదేమో అనిపించింది. ఒక జంతువుకి ఏ ఆకు అన్నమవుతుందో, ఆ ఆకు ఏ నేలలో ఉంటుందో, ఆ నేల లేకుండా ఆ జంతువు ప్రాణాన్ని విడిగా చూడలేం.

కోలా కూడా ముప్పున్న పట్టీలో అదే వల్నరబుల్ వరసలో ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వమైతే 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల కోలాల్ని ఇంకా పై ప్రమాదంలోకి చేర్చింది. దాని కష్టాలు పాతవి. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్‌లో నెల రోజులు వేటకు అనుమతిస్తే, బొచ్చు తోళ్ల కోసం ఆ ఒక్క నెలలో అయిదు లక్షలకు పైగా చంపారు. తర్వాత చెట్లు కొట్టారు, రోడ్లు వేశారు, రోగాలు తగిలాయి, 2019–20 మంటలు వచ్చాయి. ఇదంతా వింటే ఒక్క కోలాని కూడా చావనివ్వకూడదనిపిస్తుంది.

కానీ విక్టోరియా కథ అక్కడితో ఆగదు. మేం గ్రేట్ ఓషన్ రోడ్డు మీద కేప్ ఆట్వే దాకా వెళ్లాం. ఒకప్పుడు అక్కడ మాన్నా గమ్ చెట్లు దట్టంగా ఉండేవి. 1980ల మొదట్లో కొన్ని పదుల కోలాల్ని వేరే చోటి నుంచి తెచ్చి వదిలారు. మంచి ఉద్దేశంతోనే వదిలారు. అవి పెరిగాయి. కోలా తనకు అలవాటైన చెట్టుని విడిచి దూరం పోదు. ఉన్న ఆకంతా తినేశాయి, చెట్లు మోడులయ్యాయి, ఆకలితో జంతువులు కొమ్మల మీంచి జారిపడ్డాయి. 2013, 2014ల్లో అధికారులు దాదాపు 700 కోలాల్ని సూదిమందు ఇచ్చి చంపారు. ఆ సంగతి జనానికి తెలిసింది 2015లో. మళ్లీ 2025లో బుడ్జ్ బిమ్ అడవి పిడుగుపాటుకి కాలిపోయినప్పుడు, కాళ్లు కాలి ఆకు లేక చెట్ల మీద మిగిలిన కోలాల్ని హెలికాప్టర్ నుంచి తుపాకులతో కాల్చారు. వందల్లో. బాధ తప్పించడానికే అన్నారు. ఏళ్ల తరబడి కోలాల్ని ఇళ్లల్లో సాకి అడవికి పంపేవాళ్లు గట్టిగా అడిగారు: ఒక్కోదాన్నీ దగ్గర్నుంచి చూశారా అని.

ఇలాంటి ప్రశ్న మన దగ్గర గాంధీగారికి వచ్చింది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ లేవలేని జబ్బుతో బాధపడుతుంటే, ఇక బతకదని తేలాక, ఆయన దగ్గరుండి సూదిమందు ఇప్పించి చంపించాడు. అహింస చెప్పేవాడు గోహత్య చేయించాడని దేశమంతా గొడవైంది. తిట్టి ఉత్తరాలు రాశారు. ఆయన వెనక్కి తగ్గలేదు, తన కారణాలు పత్రికలో రాసుకున్నాడు. నేను గాంధీగారి పక్షమే. ఉద్యోగంలో వెన్ను విరిగి రోడ్డు మీద పడ్డ జంతువు పక్కన పశువుల డాక్టరు కోసం గంటలు కూర్చున్నవాణ్ణి. ప్రాణం నిలపడం ఒక్కటే దయ కాదని నాకు ఆ గంటలు నేర్పాయి. కానీ గాంధీ ముందు ఆ దూడ బాధను దగ్గర్నుంచి చూశాడు. వైద్యుల్ని అడిగాడు, తోటివాళ్లతో మాట్లాడాడు, అప్పుడు తీర్మానించుకున్నాడు. ఆకాశం నుంచి దుర్భిణిలో చూసి తీర్మానించడాన్ని నేను దానితో సమానం చెయ్యలేను. అవసరమైతే అయ్యుండొచ్చు, దయ అన్న పేరు మాత్రం దానికి అంత తేలిగ్గా ఇవ్వను.

ఇక నా సొంత పాపం చెప్పాలి. చెప్పకుండా పైవన్నీ రాసే హక్కు నాకు లేదు.

నల్లమలలో చేరి ఆరేడేళ్లయింది అప్పటికి. ఎండాకాలం. మా బేస్ క్యాంపులో పనిచేసే చెంచు ట్రాకరు తెల్లారుజామున పరిగెత్తుకొచ్చాడు. వాగు దాటేచోట క్లచ్ వైరుతో పన్నిన ఉచ్చులో ఆడ కణితి పడింది. మేం పోయేసరికి చచ్చిపోయింది. అతను దాని మెడ పైకెత్తి గొంతు కింద చూపించాడు. వెంట్రుకలు రాలి ఎర్రగా, అరచేతి వెడల్పున పుండులాంటి మచ్చ. తర్వాత పొదుగు చూశాడు. "పాలతల్లి సారూ. పిల్ల ఈడనే ఉంటది" అన్నాడు. అరగంట వెతికి, ఒక కానుగ పొద కింద పిల్లను పట్టుకొచ్చాడు. చుక్కలు లేవు, ఒళ్లంతా ఒకే గోధుమ రంగు. పుట్టి నాలుగు రోజులై ఉంటుంది. నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చీకింది.

పై అధికారికి నోటిమాటగా చెప్పి క్వార్టర్స్‌లో ఉంచుకున్నాను. మా ఆవిడ మేకపాలు సీసాతో పట్టింది. అప్పటికి మా అమ్మ మా దగ్గరే ఉండేది. పిల్లను చూడగానే భాగవతంలో భరతుడి కథ ఎత్తుకుంది. పంచమ స్కంధంలోది, మన తెలుగు భాగవతంలో పోతన కాదు, గంగన రాసిన స్కంధం. రాజ్యం వదిలేసి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్న భరతుడి ముందు, సింహం గర్జన విని నిండు చూలాలైన లేడి ఏటిని దూకుతుంది. పిల్ల నీళ్లలో జారి పడుతుంది, తల్లి చస్తుంది. భరతుడు పిల్లను తెచ్చి సాకుతాడు. మెల్లమెల్లగా జపం పోతుంది, పూజ పోతుంది, లేడి ఎటు పోయిందోనన్న దిగులే మిగులుతుంది. ఆ ధ్యాసతోనే ప్రాణం విడిచి మరుజన్మలో లేడిగా పుడతాడు. "ఆయనా ఇట్లాగే మొదలుపెట్టాడురా" అని నవ్వుతూనే, పిల్లకు గండకి అని ఆమే పేరు పెట్టింది.

గండకి మా ఇంట్లో పద్నాలుగు నెలలుంది. రేగాకు, వెదురు చిగుళ్లు, రాలిన ఉసిరికాయలు తినేది. పొద్దున్నే అమ్మ తులసికోట దగ్గరికి పోతే వెనకాలే పోయి నిలబడేది. మనిషి దగ్గితే చెవులు అటు తిప్పి ఎదురొచ్చేది. దాన్ని చూసి మా అమ్మాయి నడక నేర్చుకుంది. ఇంకా ఉంచుకోవడం మంచిది కాదని పెద్దవాళ్లు చెప్పారు, నాకూ తెలుసు. జీపులో ఎక్కించి అడవి లోపల, నీళ్లున్న చోట వదిలేసి వచ్చాం. అది జీపు వెనకాల కొంతదూరం పరిగెత్తింది. తర్వాత ఆగింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు.

ఇరవై రోజులకు ఒక ఊరి శనగచేలో దాన్ని గొడ్డలితో కొట్టి చంపారు. చెవి మీద మేం పెట్టిన గుర్తును బట్టి తెలిసింది. కేసు రాసింది నేనే. చంపినవాడు చిన్న రైతు, రాత్రి చేను కాపలాకి పోయినవాడు. వాడు వేటగాడు కాదు. రాస్తుంటే వాడే అన్నాడు: "సారూ, బ్యాటరీ లైటేస్తే ఏ జంతువైనా ఉరుకుతది. ఇది ఉరకలే. నా కాడికే వచ్చి నిలబడె."

ఆ వాక్యం నా చేత్తో నేనే స్టేట్‌మెంట్‌లో రాశాను. మా అమ్మకి మాత్రం ఆమె పోయేదాకా చెప్పలేదు.

భరతుడి కథను మన పెద్దలు ఎప్పుడూ ఒకవైపు నుంచే చెప్పారు. లేడి మీది మమకారం ఒక మహాయోగిని ఎట్లా కట్టేసిందీ అని. ఆయన జన్మలు మనకు తెలుసు. లేడిగా పుట్టాడు, పూర్వజన్మ జ్ఞాపకంతో పశ్చాత్తాపపడ్డాడు, ఆ తర్వాత జడభరతుడయ్యాడు. ఆయన చనిపోయేటప్పుడు పక్కన కొడుకులా కూర్చున్న ఆ లేడి తర్వాత ఏమైంది? మనిషి చేతుల్లో పెరిగి, పులి అంటే ఏమిటో మనిషి అంటే ఏమిటో తల్లి దగ్గర నేర్చుకోని ఆ లేడి ఒక్కతే ఆ అడవిలో ఎన్నాళ్లు బతికింది? దాని సంగతి ఎవరూ అడగలేదు. గండకి పోయాక నేను అడగడం మొదలుపెట్టాను. మమకారం భరతుడికి బంధమైంది నిజమే. దాని పక్కనే ఇంకో నిజముంది. ఆయన ప్రేమ ఆ లేడి దగ్గర ఒకటి తీసేసుకుంది, భయం. అడవిలో జింకకు భయమే కవచం. కోలా తల్లి పిల్లకిచ్చే ముద్ద లాంటిదే కణితి తల్లి పిల్లకిచ్చే భయం. నేను మేకపాలు ఇవ్వగలిగాను, దాన్ని ఇవ్వలేకపోయాను.

అయితే నీళ్లలో పడ్డ పిల్లను భరతుడు వదిలేసి జపం చేసుకోవాలా? కాదు. మళ్లీ ఆ తెల్లారుజాము వస్తే మళ్లీ తెస్తాను. ఇందులో నాకు సందేహం లేదు. నా తప్పు తేవడంలో లేదు, అంతకంటే ముందే ఉంది. నా బీట్‌లో ఆ ఉచ్చును ముందురోజు చూడకపోవడంలో ఉంది. తల్లి బతికుంటే నా దయ అవసరమే లేదు. విక్టోరియాలో కూడా నాకు కనబడింది ఇదే. కణితిని కాల్చే వేటగాడి చేతిలోనో, కోలాకి సూది వేసే డాక్టరు చేతిలోనో పాపాన్ని వెతకడం తేలిక. ఆ పాపం చాలావరకు వాళ్లకు ముందే జరిగిపోయింది. ఓడలో జంతువుల్ని ఎక్కించిన రోజున, చెట్లు కొట్టి కోలాకి పక్క అడవికి పోయే దారి లేకుండా చేసిన రోజున. ఇప్పుడు వాళ్లు తీరుస్తున్నది తాతల అప్పు, ప్రాణాలతో తీరుస్తున్నారు. అందుకే "తప్పు కాదు" అన్న మాట నేను ఒప్పుకోను. వాళ్ల తప్పు కాదు, అంతే. తప్పు మాత్రం ఉంది.

దీనికి మన పుస్తకాల్లో నాకు దొరికిన జవాబు భాగవతంలో లేదు, భారతంలో ఉంది. వనపర్వంలో చిన్న కథ, ఘోషయాత్ర అయిపోయాక వస్తుంది. ఎక్కువమంది చెప్పుకోరు. పాండవులు ద్వైతవనంలో చాలాకాలంగా ఉంటున్నారు. తమకీ, వెంట ఉన్న బ్రాహ్మణులకీ రోజూ వేటే ఆహారం. ఒక రాత్రి ధర్మరాజు కలలోకి జింకలు వస్తాయి. వణుకుతూ, కన్నీళ్లతో నిలబడతాయి. మీరెవరని అడిగితే, మేం చావగా మిగిలిన ద్వైతవనపు జింకలమని చెబుతాయి. మా మందలు తరిగిపోయాయి, విత్తనానికన్నట్టు కొద్దిమందిమే మిగిలాం, మేం మళ్లీ పెరిగేలా మీరు వేరే చోటికి వెళ్లండి అని వేడుకుంటాయి. మమ్మల్ని సాకమని అడగలేదు. కంచె కట్టి కాపాడమని అడగలేదు. చంపడం పాపమని ధర్మరాజుకి ధర్మం కూడా చెప్పలేదు. చోటు అడిగాయి. ఆయన తెల్లవారి లేచి తమ్ముళ్లకు కల చెప్పి, జింకలు చెప్పింది నిజమేనని, అందర్నీ వెంటబెట్టుకుని కామ్యకవనానికి కదిలిపోయాడు. ఆ తర్వాత వేట మానాడని భారతం చెప్పదు. ఆయన్ని అంతకంటే పెద్దవాణ్ణి చెయ్యాలని నాకూ లేదు. కానీ ఒక జాతి విత్తనం దాకా వచ్చిందని తెలిసిన మరునాడే, రాజ్యం పోయి అడవులు పట్టుకు తిరుగుతున్న మనిషి, ఉన్న ఆ కాస్త నీడ కూడా వదిలి లేచాడు. ఒక ముఖాన్ని చూసి పుట్టే దయ భరతుడిది. ముఖం చూడకుండా, ఇంకా పుట్టని పిల్లల కోసం, తాను పక్కకు తప్పుకునే దయ ధర్మరాజుది. భరతుడి దయ నాకు సహజంగా వస్తుంది, గండకి సాక్షి. రెండోది నేర్చుకోవడానికి ఉద్యోగకాలమంతా పట్టింది.

విక్టోరియా ఆదివాసుల్లో కోలా గురించి ఒక పాత కథ ఉందని తర్వాత తెలిసింది. తల్లీతండ్రీ లేని పిల్లవాడికి బంధువులు నీళ్లివ్వకుండా దాచుకుంటారు. ఒకరోజు వాడు ఆ నీళ్లన్నీ తీసుకుని చెట్టెక్కేస్తాడు. కోపంతో వాణ్ణి కింద పడేస్తే, విరిగిన ఆ ఒళ్లు కోలా అవుతుంది. అప్పటి నుంచి వాళ్లకొక కట్టడి: ఆకలికి కోలాని తినొచ్చు, కానీ దాన్ని అమర్యాదగా కోయకూడదు, దాటితే నీళ్లు కరువైపోతాయి. వేలిముద్రలున్న ఆ చెయ్యి మళ్లీ గుర్తొచ్చింది. నీళ్లు దాచుకున్న బంధువులం మనమే కదా అనిపించింది.

నల్లమల 1983లో పులుల అభయారణ్యమైంది. ఎండాకాలంలో మా వాళ్లు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి సాసర్ పిట్లు అనే నీటి గుంటలు నింపుతారు. నేనూ నింపాను. రాత్రి మాటు వేసి చూస్తే, కణితి ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి, మూడు నాలుగు సార్లు తల ఎత్తి గాలి చూసి, అప్పుడు మూతి పెడుతుంది. ఆ మూడు నాలుగు సార్లు తల ఎత్తడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది. దాని భయం దాని దగ్గర ఉంది.

శ్రీశైలం వెళ్లే మీకు ఒక మాట. ఇటు దోర్నాల దగ్గర, అటు మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, తెల్లారి ఆరుకి తీస్తారు. ఆ తొమ్మిది గంటలు ఆ రోడ్డు జింకలది. ఆలస్యమై గేటు దగ్గర చిక్కుకుంటే అక్కడున్న గార్డుని బతిమాలకండి, ఫలానావారి చుట్టాలమని ఫోన్లు చేయించకండి. మల్లన్న పొద్దున కూడా అక్కడే ఉంటాడు. కారు పక్కకు పెట్టుకుని, లైట్లు ఆర్పి పడుకోండి.